ఈజ్ ఎక్కడ, ఆర్ ఎక్కడ: ఇంగ్లీషు వాక్యంలో అసలు కర్తను పట్టుకోవడం

అడిగింది ఇదీ: “ఇంగ్లీషు వ్యాకరణ నియమాలు నోటికి వచ్చు. అయినా ఆఫీసు ఉత్తరాలు రాసేటప్పుడు ఈజ్, ఆర్, హ్యాజ్, హ్యావ్ తారుమారవుతున్నాయి. పై అధికారి సున్నా చుట్టిన ఐదు వాక్యాలు కింద ఇచ్చాను. పొరపాటు ఎక్కడుందో, మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పగలరా? ఇంకొకటి, ‘ఐ సజెస్ట్ దట్ హి గో’ అని ఒకచోట అచ్చులో చూశాను. హి పక్కన గోస్ కదా ఉండాలి?”

ఆ ఐదు వాక్యాలు:

“ది లిస్ట్ ఆఫ్ డాక్యుమెంట్స్ ఆర్ అటాచ్డ్.”
“ది మేనేజర్, అలాంగ్ విత్ టూ ఇంజినీర్స్, వర్ ప్రెజెంట్.”
“వన్ ఆఫ్ మై కొలీగ్ హ్యావ్ రిజైన్డ్.”
“ఎవ్రీవన్ హ్యావ్ సైన్డ్.”
“హి డజ్ నాట్ నోస్ ది రూల్.”

నియమాలు తెలియక చేసిన తప్పులు కావివి. మొదటి మూడింటికీ మూలం ఒకటే: తెలుగు పదబంధంలో అసలు మాట ఉండే చోటు వేరు, ఇంగ్లీషులో ఉండే చోటు వేరు. నాలుగోది లెక్కలో తేడా. ఐదోది క్రియకు సంబంధించిన గొడవ. ఒక్కొక్కటే చూద్దాం. ఎక్కువ సేపు మొదటిదాని దగ్గరే ఆగుతాను, ఎందుకంటే అది అర్థమైతే సగానికి పైగా తప్పులు వాటంతట అవే పోతాయి.

కర్తకూ క్రియకూ పొత్తు కుదరాలన్న సంగతి మనకు కొత్తేమీ కాదు. నిజానికి ఈ విషయంలో తెలుగు ఇంగ్లీషు కంటే పట్టుదల గల భాష. వచ్చాను, వచ్చాం, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి అని ఇన్ని రూపాలు మనం పసితనం నుంచి తడబడకుండా వాడుతున్నాం. ఇంగ్లీషులో వీటన్నిటికీ ‘కేమ్’ ఒక్కటే చాలు. మరి ఇంత తేలికైన చోట ఎందుకు జారుతున్నాం?

తెలుగులో కర్త ఒక్క మాట కాకుండా పదబంధంగా వచ్చినప్పుడు, వివరాలన్నీ ముందు వస్తాయి, అసలు మాట చిట్టచివర వస్తుంది. పత్రాల జాబితా. గోడ మీది బొమ్మలు. నిన్న పుస్తకాలు తెచ్చిన అబ్బాయి. ఆ చివరి మాటే క్రియను శాసిస్తుంది: జాబితా వచ్చింది, బొమ్మలు పడ్డాయి, అబ్బాయి వచ్చాడు. ఇంగ్లీషులో ఇది తలకిందులు. అసలు మాట ముందుంటుంది. ఆఫ్, ఇన్, ఆన్, విత్, హూ, విచ్ వంటి మాటలతో మొదలయ్యే తోక దాని వెనక వస్తుంది. అంటే క్రియకు ఆనుకుని కూర్చునేది తోకలోని చివరి మాట. “ది లిస్ట్ ఆఫ్ డాక్యుమెంట్స్” దగ్గర మీ చెవికి ఆఖరున వినిపించింది డాక్యుమెంట్స్. పదబంధంలో ఆఖరి మాటకే క్రియను కలపడం మన అలవాటు కనుక ఆర్ అని చేయి రాసేసింది. తెలుగులో అది సరైన అలవాటే. ఇంగ్లీషులో మోసం చేస్తుంది.

ఈ పొరపాటు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లూ చేస్తారు. 1991లో కాథరిన్ బాక్, కెరొల్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు “ది కీ టు ది క్యాబినెట్స్” వంటి మొదళ్లు ఇచ్చి, వాక్యం పూర్తి చేయమని ఇంగ్లీషువాళ్లనే అడిగారు. ఏకవచన కర్తకూ క్రియకూ నడుమ బహువచనం అడ్డుపడినప్పుడు తప్పులు ఎక్కువగా దొర్లాయి. బహువచన కర్త తర్వాత ఏకవచనం అడ్డుపడితే తప్పులు బాగా తక్కువ. మీరు తిరిగి చదువుకునేటప్పుడు ఈ ఫలితం పనికొస్తుంది: ముందు ఏకవచనం, మధ్యలో ఎస్ తగిలించిన మాట, ఆపైన క్రియ, ఈ వరుస కనిపించిన ప్రతిచోటా ఆగి చూడండి.

జబ్బు తెలుగు వాక్య నిర్మాణం నుంచి వచ్చింది కదా, మందు కూడా అక్కడే దొరుకుతుంది. కర్త భాగం మొత్తాన్ని మనసులో తెలుగులోకి తిప్పండి. చివర ఏ మాట నిలిచిందో అదే అసలు కర్త.

“ది లిస్ట్ ఆఫ్ డాక్యుమెంట్స్” అంటే పత్రాల జాబితా. చివర నిలిచింది జాబితా, ఒక్కటి. కాబట్టి ఈజ్ అటాచ్డ్. “ది మేనేజర్, అలాంగ్ విత్ టూ ఇంజినీర్స్” అంటే ఇద్దరు ఇంజినీర్లతో పాటు మేనేజర్. చివర మేనేజర్, కాబట్టి వాజ్ ప్రెజెంట్. యాజ్ వెల్ యాజ్, టుగెదర్ విత్, ఇన్ అడిషన్ టు, ఇంక్లూడింగ్ అన్నీ ఇదే దారి. ఇవి మనుషుల్ని పక్కన చేరుస్తాయి గానీ కర్తలో కలపవు. కలిపే శక్తి ఒక్క ‘అండ్’కే ఉంది. “ది మేనేజర్ అండ్ టూ ఇంజినీర్స్” అని ఉంటే వర్ సరైనదే.

“వన్ ఆఫ్ మై కొలీగ్స్” అంటే నా సహోద్యోగుల్లో ఒకరు. చివర ‘ఒకరు’. కాబట్టి హ్యాజ్ రిజైన్డ్. మీ మూడో వాక్యంలో రెండు తప్పులున్నాయని గమనించండి. కొలీగ్ పక్కన ఎస్ లేదు. చాలామందిలో మనం ఒకరిని తీస్తున్నాం కనుక ‘వన్ ఆఫ్’ తర్వాత వచ్చే నామవాచకం ఎప్పుడూ బహువచనమే. వాక్యం ఇలా ఉండాలి: “వన్ ఆఫ్ మై కొలీగ్స్ హ్యాజ్ రిజైన్డ్.” చాలామంది ఈ రెండింటినీ సరిగ్గా తిరగేసి రాస్తారు: నామవాచకానికి ఉండాల్సిన ఎస్ పోతుంది, ఏకవచనం కావాల్సిన క్రియ బహువచనం అవుతుంది.

ఈ తిప్పుడు పద్ధతి కష్టమైన చోట్ల కూడా పనిచేస్తుంది. “ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్” అంటే విద్యార్థుల సంఖ్య. చివర సంఖ్య, కాబట్టి ఈజ్. “ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్” అంటే చాలామంది విద్యార్థులు. చివర విద్యార్థులు, కాబట్టి ఆర్. ‘ది’, ‘ఎ’ అనే చిన్న మాట ఒక్కటే మారింది, అర్థమూ కర్తా రెండూ మారిపోయాయి. “రీడింగ్ బుక్స్” అంటే పుస్తకాలు చదవడం. చివర చదవడం, కాబట్టి ఈజ్. పుస్తకాలు వంద ఉన్నా చదవడం అనే పని ఒక్కటే.

దీనికంటే గడ్డు ముడి ఒకటుంది, చాలాకాలంగా ఇంగ్లీషు రాస్తున్నవాళ్లు కూడా దాని దగ్గర తికమకపడతారు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడండి:

“హి ఈజ్ వన్ ఆఫ్ ది స్టూడెంట్స్ హూ వర్క్ హార్డ్.”
“హి ఈజ్ ది ఓన్లీ వన్ ఆఫ్ ది స్టూడెంట్స్ హూ వర్క్స్ హార్డ్.”

మొదటిదాన్ని తెలుగు చేస్తే: కష్టపడే విద్యార్థుల్లో అతనొకడు. ‘కష్టపడే’ అన్న మాట విద్యార్థులకు అతుక్కుంది. కష్టపడేది వాళ్లందరూ, కాబట్టి వర్క్. రెండోది: విద్యార్థుల్లో కష్టపడే వాడు అతనొక్కడే. ఇక్కడ ‘కష్టపడే’ వెళ్లి ‘వాడు’కు అతుక్కుంది, కాబట్టి వర్క్స్. హూ అనే మాటకు సొంత వచనం లేదు, అది ఎవరిని పట్టుకుంటే వారి వచనమే దానిది. ఎవరిని పట్టుకుందో ఇంగ్లీషు వాక్యం చూసి చెప్పడం కష్టం గానీ, తెలుగులో విశేషణం తాను వర్ణించే మాటకు ముందే వచ్చి కూర్చుంటుంది కనుక ఇట్టే తెలిసిపోతుంది. మొదటి రకం వాక్యంలో వర్క్స్ అని రాసే మంచి రచయితలూ ఉన్నారు. అయినా ఉత్తరాల్లో, పరీక్షల్లో బహువచనం రాయడమే క్షేమం.

ఒకే వాక్యంలో రెండూ వస్తే ఇలా ఉంటుంది: “వన్ ఆఫ్ ది థింగ్స్ దట్ వరీ మి ఈజ్ ది డిలే.” నన్ను కలవరపెట్టే విషయాల్లో ఒకటి ఆలస్యం. వరీ అనే క్రియ విషయాలది, అందుకే ఎస్ లేదు. ఈజ్ అనే క్రియ ‘ఒకటి’ది. రెండు క్రియలకు ఇద్దరు కర్తలు, ఒకరి క్రియ ఒకరికి ఇవ్వకూడదు.

ఇక్కడిదాకా అసలు కర్త ఎవరో తేల్చుకోవడం. అది మొదటి మెట్టు. రెండో మెట్టు, ఆ మాటను ఇంగ్లీషు ఒకటిగా లెక్కిస్తుందా, పలుగా లెక్కిస్తుందా అన్నది. మొదటి మెట్టుకు తెలుగును నమ్మండి, రెండో మెట్టుకు మాత్రం అసలు నమ్మకండి. రెండు భాషల లెక్క ఒకటి కాదు.

పాలు పొంగాయి, నీళ్లు వచ్చాయి, డబ్బులు అయిపోయాయి అంటాం. మూడూ మనకు బహువచనాలు. మిల్క్, వాటర్, మనీ ఇంగ్లీషులో లెక్కపెట్టలేని ముద్దలు, కాబట్టి మూడింటికీ ఈజ్. వార్తలు చదివాం అంటాం, న్యూస్ మాత్రం చివర ఎస్ ఉన్నా ఏకవచనమే. వెంట్రుకలు రాలుతున్నాయి అంటాం, హెయిర్ మాత్రం ఈజ్ ఫాలింగ్. ఇక ఆఫీసు ఉత్తరాల్లో రోజూ కనిపించే వరుస ఒకటుంది: సలహాలు, వివరాలు, సామాన్లు, పరికరాలు, సాక్ష్యాలు, యంత్రాలు. ఇవన్నీ తెలుగులో ‘లు’తో వస్తాయి కనుక అడ్వైసెస్, ఇన్ఫర్మేషన్స్, లగేజెస్, ఎక్విప్‌మెంట్స్, ఎవిడెన్సెస్, మెషినరీస్ అని రాసేస్తారు, వెనకాలే ఆర్ కూడా వస్తుంది. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, లగేజ్, ఎక్విప్‌మెంట్, ఎవిడెన్స్, మెషినరీ, ఫర్నిచర్, సాఫ్ట్‌వేర్, ఫీడ్‌బ్యాక్ ఇవి ఎస్ తీసుకోవు, క్రియ ఏకవచనం. లెక్క చెప్పక తప్పదంటే ‘పీసెస్ ఆఫ్’ పెట్టుకోండి: “టూ పీసెస్ ఆఫ్ ఎక్విప్‌మెంట్ వర్ డ్యామేజ్డ్.” ఇక్కడ వర్ వచ్చింది పీసెస్‌ను బట్టి.

దీనికి ఎదురు వరుస కూడా ఉంది. కత్తెర, ప్యాంటు మనకు ఒక్కటి. సిజర్స్, ట్రౌజర్స్ ఇంగ్లీషుకు బహువచనాలు, రెండు పాయలు కలిసినవి కాబట్టి. “వేర్ ఆర్ ది సిజర్స్?” అనే అడగాలి. ‘ఎ పెయిర్ ఆఫ్ సిజర్స్’ అంటే మాత్రం అసలు కర్త పెయిర్, కాబట్టి ఈజ్. పోలీస్, పీపుల్, క్యాటిల్ మాటల్లో ఎస్ లేకపోయినా ఎప్పుడూ ఆర్.

ఎస్ కనిపించినా ఏకవచనమైనవి: మ్యాథమెటిక్స్, ఫిజిక్స్, ఎకనామిక్స్, మీజిల్స్. స్టాటిస్టిక్స్ చదువుకునే శాస్త్రమైతే ఈజ్, అంకెలైతే ఆర్. సీరీస్, స్పీషీస్ రెండు వచనాల్లోనూ ఒకటే రూపం, ముందున్న దిస్ లేదా దీజ్ చూసి చెప్పాలి. ది యునైటెడ్ స్టేట్స్ ఇప్పుడు ఏకవచనం. అది ఎప్పుడూ అలాగే లేదు: 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం రాజద్రోహాన్ని నిర్వచిస్తూ యునైటెడ్ స్టేట్స్‌ను ‘దెమ్’ అంటుంది, బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి 13వ సవరణ ‘దెయిర్’ అంటుంది. రాష్ట్రాల గుంపుగా చూసిన కాలంలో బహువచనం, ఒకే దేశంగా చూడటం స్థిరపడ్డాక ఏకవచనం. వచనమనేది అక్షరాల్లో కంటే చూసే చూపులో ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

క్రైటీరియా, ఫినామినా బహువచనాలు. ఒక్కటైతే క్రైటీరియన్, ఫినామినన్. “ది క్రైటీరియా ఈజ్” అని రాయకండి. డేటాకు శాస్త్ర పత్రికల్లో ఆర్, మామూలు రాతల్లో ఈజ్ నడుస్తుంది. ఒక పత్రంలో ఏదో ఒకటే పాటించండి.

టీమ్, కమిటీ, గవర్నమెంట్, స్టాఫ్ వంటి సమూహాలకు అమెరికా ఇంగ్లీషులో సాధారణంగా ఏకవచనం. బ్రిటన్‌లో రెండూ ఉన్నాయి: గుంపును ఒక్కటిగా చూస్తే ఈజ్, అందులోని మనుషుల్ని చూస్తే ఆర్. తేల్చుకోలేకపోతే ఏకవచనం రాయండి. మధ్యలో పడవ మారకండి: “ది కమిటీ హ్యాజ్ మెట్ అండ్ హ్యావ్ డిసైడెడ్” అన్న వాక్యం ఏ దేశంలోనూ చెల్లదు.

మీ నాలుగో వాక్యం ఎవ్రీవన్ గురించి. అందరూ సంతకం చేశారు, ప్రతి ఒక్కరూ సంతకం చేశారు, ఎవరో వచ్చారు, ఎవరు వచ్చారు? మనుషుల విషయంలో తెలుగు వీటన్నిటికీ ‘రు’ తగిలిస్తుంది. ‘ఒక్కరూ’ అని నోటితో అంటూనే బహువచన క్రియ పెడతాం. ఇంగ్లీషు అక్కడ మాటనే పట్టుకుంటుంది. ఎవ్రీవన్, ఎవ్రీబడీ, సమ్‌వన్, ఎనీవన్, నోబడీ, ఈచ్, ఎవ్రీ అన్నీ ఏకవచనం. “ఎవ్రీవన్ హ్యాజ్ సైన్డ్.” వీటిలో ఒకటి ముందుంటే అండ్ కూడా ఏమీ చేయలేదు: “ఎవ్రీ మేనేజర్ అండ్ ఎవ్రీ ఇంజినీర్ హ్యాజ్ సైన్డ్.” తలుపు దగ్గర చప్పుడైతే “హూ ఈజ్ దేర్?” అంటారు, పదిమంది నిలబడి ఉన్నా సరే. ఈచ్ విషయంలో ఒక జాగ్రత్త: “ఈచ్ ఆఫ్ ది మెంబర్స్ హ్యాజ్ ఎ కీ”, కానీ “ది మెంబర్స్ ఈచ్ హ్యావ్ ఎ కీ”. రెండోదానిలో కర్త మెంబర్స్, ఈచ్ ఊరికే వెనక వచ్చి చేరింది.

అయితే “ఎవ్రీవన్ హ్యాజ్ సైన్డ్ దెయిర్ ఫామ్” అని రాస్తే దెయిర్ తప్పు కాదా అని మీకు సందేహం రావచ్చు. కాదు. ఒక్కరిని సూచించే ‘దే’ ఇంగ్లీషులో పాత వాడుకే, ఇప్పుడు మరింత బలపడింది. 2019లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు ‘దే’ను ఆ ఏటి మాటగా ప్రకటించింది కూడా. ‘దే’ ఒక్కరినే సూచించినా క్రియ మాత్రం ఆర్, హ్యావ్ మాత్రమే. మనకిది వింతగా అనిపించకూడదు. ఒక్క పెద్దాయనను ‘మీరు వచ్చారు’ అనే భాష మనది. ఇంగ్లీషు ‘యు’ కూడా అలాగే వచ్చింది. మొదట అది బహువచనం, ఒక్కరికి ‘దౌ’ ఉండేది. మర్యాద కోసం ఒక్కరినీ యు అనడం మొదలై చివరకు దౌ కనుమరుగైంది. క్రియ మాత్రం పాత బహువచనమే నిలిచింది, అందుకే ఎదుట ఉన్నది ఒక్కరే అయినా “యు ఆర్”, “యు వర్”. 18వ శతాబ్దంలో ఒక్కరితో మాట్లాడేటప్పుడు “యు వాజ్” అనడం వాడుకలో ఉండేది. 1762లో రాబర్ట్ లౌత్ అనే వ్యాకరణవేత్త దాన్ని పెద్ద తప్పుగా ఖండించాడు. ఇవాళ ప్రామాణిక ఇంగ్లీషులో దానికి చోటు లేదు.

కొలతల దగ్గర నియమం కాస్త మలుపు తిరుగుతుంది. సమ్, మోస్ట్, ఆల్, హాఫ్, ఎ లాట్ ఆఫ్, టూ థర్డ్స్ ఆఫ్, ట్వెంటీ పర్సెంట్ ఆఫ్ ఇవి వస్తువులు కావు, కొలపాత్రలు. అసలు సరుకు ఆఫ్ తర్వాత ఉంటుంది, క్రియ దాన్ని బట్టే. “హాఫ్ ఆఫ్ ది వాటర్ ఈజ్”, “హాఫ్ ఆఫ్ ది స్టూడెంట్స్ ఆర్”. నన్ కూడా ఇంతే: నీటితో ఈజ్ తప్పదు, విద్యార్థులతో ఈజ్, ఆర్ రెండూ ఒప్పే. తెలుగులోకి తిప్పే పద్ధతి ఈ చోట నమ్మదగినది కాదు, ‘విద్యార్థుల్లో సగం’ అంటే చివర సగం నిలుస్తుంది. కాబట్టి కొలపాత్రల జాబితాను విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

దూరం, కాలం, డబ్బు మొత్తంగా చూస్తే ఏకవచనం. “టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వాక్.” “టెన్ ఇయర్స్ ఈజ్ ఎ లాంగ్ టైమ్.” కానీ ఏళ్లు ఒక్కొక్కటిగా గడిచాయని చెప్పేటప్పుడు “టెన్ ఇయర్స్ హ్యావ్ పాస్డ్.” మోర్ దేన్ వన్, మెనీ ఎ అనేవి అర్థంలో బహువచనాలు, రూపంలో ఏకవచనాలు: “మోర్ దేన్ వన్ స్టూడెంట్ హ్యాజ్ ఫెయిల్డ్.” పక్కన ఉన్న స్టూడెంట్‌కు ఎస్ లేదని గమనిస్తే క్రియ దానంతట అదే తెలుస్తుంది.

ఐదర్ ఆర్ (ఈ ఆర్ క్రియ కాదు, ‘లేదా’ అనే మాట), నైదర్ నార్ దగ్గర మాత్రం దగ్గరి మాటే గెలుస్తుంది. “నైదర్ ది మేనేజర్ నార్ ది ఇంజినీర్స్ వర్ ప్రెజెంట్.” తిరగేస్తే “నైదర్ ది ఇంజినీర్స్ నార్ ది మేనేజర్ వాజ్ ప్రెజెంట్.” రెండోది సరైనదే గానీ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది, అందుకే బహువచనాన్ని రెండోదిగా పెట్టుకోండి. “ఐదర్ యు ఆర్ ఐ యామ్” వంటివి ఎదురైతే వాక్యాన్నే మార్చి రాయడం నయం.

దేర్‌తో మొదలయ్యే వాక్యంలో దేర్ కర్త కాదు, కర్త క్రియ తర్వాత వస్తుంది. “దేర్ ఆర్ టూ ఎర్రర్స్.” మాటల్లో “దేర్జ్ టూ” అనేవాళ్లు ఎందరో ఉన్నారు, రాతలో వద్దు. ఈజ్‌కు అటూ ఇటూ వేర్వేరు వచనాలుంటే ముందున్నదే కర్త: “ది మెయిన్ ప్రాబ్లమ్ ఈజ్ ది డిలేస్.” తెలుగులో ఇలాంటి వాక్యానికి క్రియే అక్కర్లేదు, ‘అసలు సమస్య ఆలస్యాలే’ అంటే సరిపోయింది. అందుకే ఇక్కడ మన చెవి సాయం చేయదు.

ఇక ఐదో వాక్యం. “హి డజ్ నాట్ నోస్.” ఇంగ్లీషులో వర్తమానంలో హి, షి, ఇట్ వంటి కర్తకు ఒక్క ఎస్ మాత్రమే దొరుకుతుంది. డు సాయానికి వచ్చిందంటే ఆ ఎస్ దాని మీదికి వెళ్లి డజ్ అవుతుంది, అసలు క్రియ బోసిగా మిగులుతుంది. “హి డజ్ నాట్ నో.” “డజ్ హి నో?” భూతకాలంలోనూ అంతే. డిడ్ భూతకాలాన్ని మోసేసింది కాబట్టి “డిడ్ నాట్ గో”, వెంట్ రాదు. దీని పక్కనే “హి డోంట్ నో” అన్న తప్పు కూడా మనవాళ్లలో కనిపిస్తుంది. దానికి కారణం బహుశా తెలుగు వ్యతిరేక రూపాలే: నేను వెళ్లలేదు, ఆమె వెళ్లలేదు, వాళ్లు వెళ్లలేదు, నాకు తెలియదు, అతనికి తెలియదు. కర్త మారినా క్రియ చెక్కుచెదరదు. అదే ధోరణిలో డోంట్‌ను అందరికీ పెట్టేస్తారు. క్యాన్, విల్, షుడ్, మస్ట్, మే తర్వాత కూడా క్రియ బోసిదే, వాటికీ ఎస్ రాదు.

ఇక్కడ పేర్లు కలిగించే గందరగోళం ఒకటుంది. తెలుగు వ్యాకరణంలో అతడు, ఆమె, అది ప్రథమ పురుష. ఇంగ్లీషులో అదే థర్డ్ పర్సన్. ఫస్ట్ పర్సన్ అంటే నేను, మన ఉత్తమ పురుష. ప్రథమ అంటే ఫస్ట్ కదా అని తీసుకుంటే ఐ పక్కన ఎస్ వచ్చి చేరుతుంది.

“ఐ సజెస్ట్ దట్ హి గో” సరైన వాక్యమే. సజెస్ట్, రికమెండ్, డిమాండ్, ఇన్సిస్ట్, రిక్వెస్ట్ వంటి కోరే క్రియలు, ఇట్ ఈజ్ ఎసెన్షియల్ వంటి మాటలు వచ్చాక దట్ ఉంటే, తర్వాతి క్రియ ఎవరికైనా బోసి రూపంలోనే ఉంటుంది, ఎందుకంటే అది జరుగుతున్న సంగతి కాదు, జరగాలని కోరుకునేది. మనం ‘అతను వెళ్లాలని’ అంటామే, ఆ ‘ఆలని’ రూపం లాంటిది. నేను వెళ్లాలని, వాళ్లు వెళ్లాలని, మనకూ అక్కడ మార్పు లేదు. అమెరికాలో ఈ రూపం ఎక్కువ వాడతారు, బ్రిటన్‌లో “హి షుడ్ గో” అని కూడా రాస్తారు. ఇన్సిస్ట్‌కు రెండు అర్థాలున్నాయి కనుక జాగ్రత్త: “షి ఇన్సిస్ట్స్ దట్ హి ఈజ్ ఆనెస్ట్” అంటే అతను నిజాయితీపరుడేనని నొక్కి చెబుతోంది. “షి ఇన్సిస్ట్స్ దట్ హి బి ఆనెస్ట్” అంటే అతను నిజాయితీగా ఉండి తీరాలని పట్టుబడుతోంది. “ఇఫ్ ఐ వర్ యు”లో వర్ కూడా ఇలాంటిదే, లేని స్థితిని ఊహించడం.

రాసిన ఉత్తరాన్ని సరిచూసుకోవడానికి వరుస ఇదీ. ఇంగ్లీషులో కర్తను బట్టి మారే మాటలు చాలా తక్కువ: యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, హ్యాజ్, హ్యావ్, డు, డజ్. ఈ తొమ్మిదింటినీ కంప్యూటర్‌లో వెతికించి, ఒక్కొక్కదాని దగ్గర ఆగి, ఇది ఎవరి క్రియ అని అడగండి. తర్వాత రెండోసారి వర్తమానంలో ఉన్న మిగతా క్రియల కోసం చదవండి. హ్యాడ్, డిడ్, విల్, మామూలు భూతకాల క్రియల దగ్గర ఆగక్కర్లేదు, అవి అందరికీ ఒకటే.

ఈ నాలుగు వాక్యాల మీద చేసి చూద్దాం: “ది క్వాలిటీ ఆఫ్ ది రిపోర్ట్స్ హ్యావ్ ఇంప్రూవ్డ్, బట్ దేర్ ఈజ్ స్టిల్ మెనీ ఎర్రర్స్. ఈచ్ ఆఫ్ ది టీమ్స్ వర్ ఆస్క్డ్ టు సెండ్ ఎ సమ్మరీ. చెకింగ్ ది సమ్మరీస్ టేక్ టూ డేస్. వి రిక్వెస్ట్ దట్ ఈచ్ టీమ్ లీడర్ సైన్ ది సమ్మరీ.”

మొదటి వెతుకులాటలో మూడు దొరుకుతాయి. నివేదికల నాణ్యత, చివర నాణ్యత, కాబట్టి హ్యావ్ పోయి హ్యాజ్. దేర్ తర్వాత అసలు కర్త ఎర్రర్స్, కాబట్టి ఈజ్ పోయి ఆర్. ఈచ్ ఏకవచనం, కాబట్టి వర్ పోయి వాజ్. టేక్ ఆ తొమ్మిదిలో లేదు కనుక రెండో చదువులోనే దొరుకుతుంది: సమ్మరీలను సరిచూడటం, చివర సరిచూడటం, ఒక్క పని, కాబట్టి టేక్స్. ఆఖరి వాక్యంలో సైన్ పక్కన ఎస్ పెట్టాలని చేయి లాగుతుంది. ముందు రిక్వెస్ట్ దట్ ఉంది కాబట్టి దాన్ని అలాగే వదిలేయండి.